నాలుగో చక్రం

దుర్గ రంపం పట్టుకున్న తీరు చూస్తుంటే పరశురాంకు చేతులు ఊరుకోవడం లేదు. పిడిని పిడికిలి నిండా బిగించి, చూపుడువేలు కూడా లోపలికి మడిచి, రొట్టె కోసినట్టు కోస్తోంది. ఆ వేలు బయటికి చాచి రంపం పక్కన ఆనిస్తే కోత గీత మీదే నడుస్తుంది. ఆ మాట చెప్పాడు కూడా. పిల్ల వేలు చాచింది, కాసేపయ్యాక మళ్ళీ మడిచేసింది. చెక్కతోనే బతుకుతున్న మనిషి తన కళ్ళముందు కోత వంకర పోతుంటే చూస్తూ కూర్చోవడమంటే, పొయ్యి మీద పాలు పొంగుతుంటే చేతులు కట్టుకుని నిలబడటమే.

"ఏలు, బిడ్డా, ఏలు."

"చాపిన గదా బాపూ."

"మల్ల మడిచినవ్."

దుర్గ నాలుక కొస పళ్ళమధ్య పెట్టుకుని మళ్ళీ వేలు చాచింది. గల్ఫ్‌కు వలస వచ్చి హూరాలో ఉంటున్న ఆ ఇంటి వంటగది నేల మీద పాత దుప్పటి పరిచి, బోర్లించిన స్టూలుకు చెక్క ముక్కను బిగించి పని పెట్టుకున్నారు తండ్రీ కూతురూ. మెత్తటి పైన్ చెక్క, దుర్గ జానెడు కూడా లేదు. తెలుగు సంఘం వాళ్ళు పిల్లలందరికీ ఒకే కొలత ముక్క, నాలుగు చక్రాలు, ఇరుసులకు నాలుగు మొలలు ఇచ్చారు. శుక్రవారం బొమ్మబండ్ల పందెం. ఏటవాలు బల్ల మీద పైనుంచి వదిలితే ఎవరి బండి ముందు కిందికి చేరితే వాళ్ళది గెలుపు. ఇంజను లేదు, తాళంచెవి లేదు. చేసినవాళ్ళ చెయ్యి ఎంత బాగుంటే బండి అంత బాగా దిగుతుంది.

ముక్కలు పంచిన రోజు ఉమారాణి టీచరు నియమం చెప్పింది. పిల్లలే చెయ్యాలి. పెద్దలు నోటితో చెప్పొచ్చు, చెక్క మీద చెయ్యి వెయ్యకూడదు. దుర్గ ఆ మాటను శాసనంలా ఇంటికి పట్టుకొచ్చి గుమ్మంలోనే తండ్రికి చదివి వినిపించింది. అందుకే పరశురాం రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి జారి ముందుకొచ్చినప్పుడల్లా ఎడమచెయ్యి దాన్ని మణికట్టు దగ్గర పట్టుకుంటోంది.

"పోలీసులు పట్టుకపోయే దొంగ లెక్క కూసున్నవేంది?" అంది అతని భార్య రమ, కూరలోకి ఉప్పు వేస్తూ.

"ముట్టద్దట."

"నువ్వు చెక్కను ముట్టకుండుడు, పిల్లి పాలను ముట్టకుండుడు."

దుర్గ నవ్వలేదు. చెక్క మీద రాలిన పొట్టును ఊది, గీతకీ కోతకీ మధ్య ఎంత తేడా వచ్చిందో వంగి చూసుకుంది. చాలానే వచ్చింది. ముందుభాగం ఎడమవైపు కాస్త ఎక్కువ తెగింది. తండ్రి ముఖంలోకి చూసింది. పరశురాం పైకప్పు వైపు చూశాడు.

"గరుకు కాగితంతోని సరిజేస్త," అంది తనకు తానే.

సల్మాబాద్‌లో పరశురాం పనిచేసే వర్క్‌షాపులో తలుపులు, అల్మారాలు చేస్తారు. అతను ఫోర్‌మాన్. పని పూర్తయిన ప్రతి తలుపూ అతని చేతికింద నుంచే పోవాలి. అరచేత్తో అంచులు తడిమి, మూలమట్టం పెట్టి చూసి, కంటికి ఆనని చోట చెవి మీది పెన్సిల్ తీసి చిన్న టిక్కు పెడతాడు. తోక కొంచెం పొడుగ్గా, చివర పైకి తిరిగి ఉంటుంది. ఆ టిక్కు లేని తలుపు లారీ ఎక్కదు. ఇంట్లో తను చేసిన స్టూలు కింద, అర కింద, దుర్గ చదువుకునే బల్ల కింద కూడా ఆ టిక్కే ఉంది. చిన్నప్పుడు దుర్గ నేల మీద వెల్లకిలా పడుకుని వాటిని వెతకడం ఒక ఆటగా ఆడేది.

బుధవారం ఆఫీసు నుంచి మేనేజరు ఒక డ్రాయింగు, ఒక చెక్క ముక్క తెచ్చి లచ్చన్న చేతికిచ్చి వెళ్ళాడు. లచ్చన్న కంప్యూటరు మిషను మీద కోసే మనిషి, అతనిదీ పరశురాందీ ఒకే మండలం. ముక్కను బల్ల మీద పెట్టగానే పరశురాం పోల్చుకున్నాడు. అదే పైన్, అదే కొలత, మొలలకు అవే గాడులు.

"గిదెవలిది లచ్చన్నా?"

"శ్రీనివాసరాజు సారుదట. కొడుక్కు కారు గావాల్నట. పందెమున్నదట గదా మీ సంఘంల?"

ఇంజనీరు శ్రీనివాసరాజు ఆ సంఘానికి అధ్యక్షుడు. జుఫైర్‌లో ఆయన కంపెనీ కట్టే అపార్టుమెంట్లకు తలుపులన్నీ ఈ వర్క్‌షాపు నుంచే పోతాయి. మిషను సూది దిగి చెక్కను వెన్నలా చెక్కుతూ పోయింది. మొన చేప మూతిలా సన్నం, నడుము పల్చన, మొలల గాడుల్లో వెంట్రుకంత తేడా కూడా లేదు. రెండు టీలు తాగేలోపు అయిపోయింది. పక్క బల్ల మీద దానికి ఎర్రరంగు, దాని మీద మెరుగు కొట్టారు.

"పిల్లలే చెయ్యాల్నని రూలున్నది," అన్నాడు పరశురాం.

"ఉంటే ఉండనీ. యల్లా, జల్ది కానియ్యి అన్నరు, కోసినం. ఖలాస్. నీకేం నొప్పి?"

పరశురాంకు నొప్పిగానే ఉంది. దుర్గ వేళ్ళ చివర్లు గరుకు కాగితానికి రాసుకుపోయి ఎర్రగా కందాయి. రాత్రి అన్నంలో కారం తగిలితే చెయ్యి విదిలించుకుంది. ఈ పిల్లవాడి బండి మాత్రం టీ తాగేంతలో తయారైంది. అయినా తిరిగి తన బల్ల దగ్గరికి పోయాడు. తలుపుల ఆర్డరిచ్చే మనిషితో తగవు పెట్టుకుంటే పని పోయేది తనొక్కడిదే కాదని తనకు తాను చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం దుర్గ బండికి చక్రాలు కొట్టింది. మొలలకు పెన్సిల్ ములుకు పొడి రాసింది. చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లు రెండు బండి కడుపులో తొలిచిన గుంటలో జిగురుతో అంటించింది. మంచం అంచు నుంచి నేలకు పొడవాటి పలక ఆనించి బండిని వదిలింది. బండి సగం దూరం బాగానే వచ్చి ఎడమవైపు వాలిపోయి పలక మీది నుంచి పడింది.

"ముందటి ఎడమ చక్రం," అన్నాడు పరశురాం. "మొల వంగినట్టున్నది. తీసి చూడు."

దుర్గ పటకారుతో మొల పీకి, నేల మీద దొర్లించి చూసి, సుత్తెతో మెల్లగా తట్టి, మళ్ళీ కొట్టింది. బండి ఈసారి పలక చివరిదాకా వచ్చి పడింది. మళ్ళీ పీకింది, మళ్ళీ కొట్టింది. చివరికి పడకుండా దిగింది గానీ ఎడమ అంచును రాసుకుంటూ, టకటకమని చప్పుడు చేసుకుంటూ దిగింది.

"జరంత గుంజుతది, గంతే," అంది దుర్గ. ముఖం వెలిగిపోతోంది. "అయినా నిలవడ్డది గదా బాపూ?"

"నిలవడ్డది," అన్నాడు పరశురాం. టకటక మాత్రం అతని చెవిలోనే ఉండిపోయింది.

గురువారం సగం పూటే డ్యూటీ. పరశురాం ఇంటికొచ్చేసరికి రమ కోల్డ్ స్టోర్‌కు సరుకులకు పోయింది. దుర్గ ఈసా టౌన్ బడి నుంచి ఇంకా రాలేదు. బండి కిటికీ అర మీద ఉంది. ఆకుపచ్చ రంగు వేసింది పిల్ల. ముందువైపు ఎడమ పక్క ఎక్కువ తెగిన చోట మందంగా పూసి దాచబోయింది, అది ఇంకా బాగా కనబడుతోంది.

చూద్దామని తీశాడు. నిజంగా చూద్దామనే తీశాడు. కంటికి ఎత్తి పట్టుకుంటే ఎడమ చక్రం లోపలికి వాలి ఉండటం కనబడింది. ఎర్ర బండి నడుము గుర్తొచ్చింది. మిషను మీద చేసినదాని పక్కన ఈ చక్రం టకటకమంటూ దిగుతుంటే హాలులో అందరూ చూస్తారు. తన బిడ్డ ఓడిపోతే ఓడిపోనీ, కానీ మొల వంకర మూలంగా ఓడిపోవడమా, తనింట్లో ఉండి? చెయ్యి వీపు వెనక్కి పోలేదు. పటకారు తీసుకుంది.

మొలను ఇస్త్రీపెట్టె అంచున పెట్టి, దొర్లిస్తూ, మూడు చిన్న దెబ్బల్లో నిటారు చేశాడు. మూలమట్టం ఆనించి చక్రం నిలబెట్టి కొట్టాడు. మంచం దగ్గర పలక పెట్టి వదిలాడు. బండి దారం పట్టి లాగినట్టు నడిమధ్యన, చప్పుడు లేకుండా దిగి వంటగది గడప దాకా పోయింది. గుండెలో ఏదో చల్లబడ్డట్టయింది. బండిని ఎత్తి, అరచేత్తో కింద తడిమి, తిరిగి అర మీద ఎలా ఉందో అలాగే పెట్టేశాడు. దుర్గ వచ్చాక టీ తాగుతూ టీవీ చూస్తున్న మనిషిలా కూర్చున్నాడు. ఆ పూట దుర్గ బండిని చాలాసేపు చేతిలో పట్టుకుని, తర్వాత వంటగదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసుకుంది. మళ్ళీ రంగు వేస్తోందనుకున్నాడు.

శుక్రవారం ఈసా టౌన్ దగ్గర అద్దెకు తీసుకున్న హాలు కిటకిటలాడింది. ఇడ్లీ, పొంగలి ఒకవైపు, మూడు బాటల ఏటవాలు బల్ల ఒకవైపు. రమకు జ్వరంగా ఉండి రాలేదు. దుర్గ తెల్ల గౌను వేసుకుని బండిని చేతిరుమాలులో చుట్టి గుండెకు ఆనించుకుంది. పందేనికి ముందు ప్రతి బండినీ త్రాసులో తూచి, తిప్పి చూసి, పేరు రాసుకుంటున్నారు. బల్ల వెనక ఉమారాణి టీచరు, పక్కన శ్రీనివాసరాజు.

ఆయన కొడుకు తేజవర్మ ఎర్ర బండి పెట్టాడు. మెరుగు మీద దీపాలు కనబడుతున్నాయి.

"అబ్బ, ఎంత బాగా చేశావు నాన్నా!" అంది ఉమారాణి. పిల్లవాడు తండ్రి వైపు చూశాడు. తండ్రి నవ్వాడు. ఆ బండి ఎవరు చేశారని అక్కడ ఒక్కరూ అడగలేదు. ఇంజనీరు కొడుక్కి తెలివి ఉంటుంది. వడ్రంగి కూతురికి నాన్న ఉంటాడు. లోకం లెక్క అది.

తర్వాత దుర్గ ఆకుపచ్చ బండి పెట్టింది. శ్రీనివాసరాజు దాన్ని ఎత్తి, చక్రం తిప్పి, పరశురాంను చూసి గుర్తుపట్టాడు.

"ఓహో, మన పరశురాం కూతురా! అదీ సంగతి. టీచరుగారూ, ఈయనెవరనుకున్నారు? మా తలుపులు చేసే వడ్రంగి. వడ్రంగి ఇంట్లో బండిని పిల్ల చేసిందంటే ఎవరు నమ్ముతారండీ?"

చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు నవ్వారు. చెడ్డగా కాదు, సరదాగానే. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"నేనే చేసిన సార్," అంది దుర్గ.

"చెయ్యలేదని కాదమ్మా. నాన్న కాస్త చెయ్యి వేసుంటాడు కదా. తప్పేం లేదు, మొండిపట్టు పట్టకు. పందెంలో లేకుండా ఊరికే సరదాగా వదులుదువుగానీ."

ఆయన బండిని బోర్లించాడు. అప్పుడు గుర్తొచ్చింది పరశురాంకు. నిన్న గడప దగ్గర బండి ఎత్తి, అరచేత్తో తడిమాక, చెవి మీదికి చెయ్యి పోయింది. పెన్సిల్ తీశాడు. పని పూర్తయితే చెయ్యి చేసే పని అది, మనిషిని అడగదు. బండి కడుపు మీద, ముందు ఇరుసుల మధ్య, తోక పొడుగు టిక్కు పెట్టాడు. ఆ వర్క్‌షాపు తలుపులన్నీ చూసే శ్రీనివాసరాజుకు ఆ టిక్కు తెలియకుండా ఉంటుందా?

బండి కడుపు మీద ఏమీ లేదు. టిక్కు ఉండాల్సిన చోట గరుకు కాగితంతో రాసిన తెల్లటి మచ్చ మాత్రం ఉంది. శ్రీనివాసరాజు చూపు దాని మీద ఆగలేదు. పరశురాం చూపు అక్కడే ఆగిపోయింది. పిల్ల చూసింది. తను చక్రం ముట్టిన సంగతి తెలిసి, ఎవరికీ దొరక్కుండా చెరిపేసింది.

"మీరు చెప్పండి పరశురాం గారూ," అంది ఉమారాణి మర్యాదగా. "మీరు చెక్క మీద చెయ్యి వేశారా?"

చెప్పాల్సిన మాటలు రెండున్నాయి. ఎర్ర బండి మా మిషను మీద కోసింది అని ఒకటి. అది చెబితే, మరి నీ సంగతేమిటంటారు. నేనొక చక్రం ముట్టాను అని రెండోది. అది చెబితే పిల్ల బండి పక్కకు పోతుంది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు పరశురాం. నిన్న ఆ చక్రం జోలికి పోకుండా ఉంటే ఈరోజు ఈ హాలులో గొంతెత్తి మాట్లాడేవాడు. ఆ ఒక్క మొలతో తన నోటినే బిగించుకున్నాడు.

దుర్గ తండ్రి వైపు చూస్తోంది. అతను మాట్లాడతాడని చాలాసేపు ఎదురుచూసింది. తర్వాత బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళనూ ఒక్కొక్కటే తాకింది, పెదాలు కదిలాయి. అబద్ధమాడటానికి భయపడుతోందనుకున్నాడు పరశురాం.

"వంగు బాపూ," అంది.

"ఎందుకు బిడ్డా?"

"వంగు."

వంగాడు. పిల్ల అరచెయ్యి అతని నడినెత్తిన పడింది, చల్లగా.

"మా బాపు మీద ఒట్టు. చెక్క నేనే కోసిన. గీ బండికున్న నాలుగు చక్రాలు నేనే కొట్టిన."

తండ్రి నెత్తి మీద చెయ్యిపెట్టి ఒట్టేసిన ఆడపిల్లను కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. శ్రీనివాసరాజు నవ్వబోయి మానుకున్నాడు. "సరే, రాసుకోండి," అన్నాడు. ఉమారాణి పేరు రాసుకుంది. పరశురాం ఇంకా వంగే ఉన్నాడు. తన నెత్తి మీద అబద్ధపు ఒట్టు పెట్టింది కూతురు, తను చేసిన దొంగపని కప్పిపుచ్చడానికి. తనకేమైనా అవుతుందన్న భయం కాదు అతనిది. పదేళ్ళ పిల్ల చేత అంత మాట అనిపించానే అని అతనికి ఏడుపొచ్చింది.

పిల్లలు బండ్లు పైన పెట్టారు. మూడు బాటల్లో నడిమిది ఎర్ర బండి, ఎడమది దుర్గది. టీచరు అడ్డుపలక ఎత్తింది.

పరశురాం చూడలేక తల దించుకున్నాడు. కానీ చెవులు దించుకోలేం కదా. ఎర్ర బండి చప్పుడు లేకుండా దిగుతోంది. దాని వెనకే, ఎడమ అంచును రాసుకుంటూ, టకటకటకమంటూ ఇంకొకటి.

తల ఎత్తాడు. ఆకుపచ్చ బండి ఎడమవైపుకు వాలి, అంచును కొట్టుకుంటూ, అయినా పడకుండా, కిందిదాకా దిగింది. మూడింటిలో ఆఖరుది. రెండోసారి వదిలినా అదే టకటక. నిన్న తను కొట్టిన చక్రం అలా మోగదు.

బయట గాలి చల్లగా ఉంది. లచ్చన్న తన పికప్ వ్యాను తెస్తానన్నాడు. లోపల ఎర్ర బండికి చప్పట్లు పడుతున్నాయి. మెట్ల మీద కూర్చున్నాక దుర్గ బండిని అతని చేతికిచ్చి బూటు తాడు కట్టుకుంది. పరశురాం బండిని కంటికి ఎత్తి చూశాడు. ముందు ఎడమ చక్రం లోపలికి వాలి ఉంది. మొల తల మీద సుత్తె జారిన గీతలు, పిల్లచేతి గీతలు.

"మల్ల తీసి కొట్టినవా?"

"ఆ. నిన్న. నీ టిక్కు కనవడ్డది." దుర్గ రెండో బూటు తాడు అందుకుంది. "నువ్వు కొట్టింది మంచిగనే ఉండె బాపూ. మస్తుగ ఉరికింది, నేను గూడ ఇడిచి చూసిన. కని అది నాది గాదు గదా. అందుకే పీకి, మొలను ముందటి లెక్కనే జేసి, నేనే కొట్టిన. టిక్కు గూడ రుద్దిన."

పరశురాం బండిని బోర్లించి ఆ తెల్లమచ్చను బొటనవేలితో తడిమాడు.

"నువ్వెందుకు చెప్పలే బాపూ? టీచర్ అడిగింది గదా. నువ్వు చెప్తవని చూసిన."

"ఎట్ల చెప్త బిడ్డా. చక్రం ముట్టిన గదా. నువ్వు మల్ల తీసినవని నాకెరుక లేదు."

దుర్గ తాడు ముడి సగంలో వదిలేసి తల ఎత్తింది.

"ఎరుక లేదా? మరి నేను ఒట్టు పెడితే ఏమనుకున్నవ్?"

పరశురాం బండి చక్రాన్ని వేలితో తిప్పాడు.

"ఉత్త ఒట్టు పెట్టిననుకున్నవా? నీ మీద?" అంది దుర్గ. "నాలుగు చక్రాలు ఒక్కొక్కటి యాది జేసుకున్న. నాలుగోది నేనే కొట్టిన్నా లేదా అని మల్ల యాది జేసుకున్న. ఉత్తదైతే నీకేమన్న అయితది గదా అని."

శ్రీనివాసరాజు నమ్మలేదు. ఆయన ఎవరో పరాయి మనిషి. తను ఆ వంటగది నేల మీద కూర్చుని, వేలు చాచడం మడవడం దగ్గర్నుంచి చూసిన మనిషి, తనూ నమ్మలేదు. దుర్గ చెయ్యి చాపి అతని చేతిలోంచి బండి తీసుకుంది, రుమాలులో చుట్టుకుంది. పరశురాం చెయ్యి ఖాళీగా కాసేపు గాలిలో ఉండి తర్వాత మోకాలి మీద పడింది.

లచ్చన్న పికప్ వచ్చి ఆగింది. దుర్గ మధ్యన కూర్చుంది. బండి పెద్దరోడ్డెక్కాక లచ్చన్న అలవాటు ప్రకారం హుషారుగా మొదలుపెట్టాడు.

"ఏది గెల్సింది? మన మిషన్ మీద కోసిన ఎర్రదేనా?"

దుర్గ మెల్లగా తండ్రి వైపు తిరిగింది. పరశురాం అద్దంలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"అదే," అన్నాడు.

"గట్లయితే మీ బాపు చేసిన బండి మన కంపెనీ బండి చేతులనే ఓడిపాయె!" లచ్చన్న పెద్దగా నవ్వాడు.

"నేను చెయ్యలే." ఆ గొంతుకు లచ్చన్న నవ్వు ఆపాడు. "నా బిడ్డ చేసింది లచ్చన్నా. కోసుడు, రుద్దుడు, కొట్టుడు, అంత నా బిడ్డదే. నేను దొంగతనంగ ఒక్క చక్రం ముడితే, అది గూడ పీకి మల్ల కొట్టుకున్నది. ఆ ఎర్రది పిల్లగాడు చెయ్యలే, మనం చేసినం. ఆడ ఎవలన్న తమ చేత్తోని బండి చేసిండ్రంటే నా బిడ్డే చేసింది."

లచ్చన్న గేరు మార్చాడు. దుర్గ ఒళ్ళోని రుమాలు మూటను రెండు చేతులతో పట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది. హూరా సిగ్నల్ దగ్గర బండి ఆగాక అంది, కోపంగా కూడా కాదు.

"గీ మాట గాడ చెప్పేదుండె బాపూ."